ఆరెక్స్-7: బిల్లు ఎవరు కట్టారు?

పాత స్పోర్ట్సు కార్ల పిచ్చి ఉన్నవాళ్ళు నలుగురు చేరిన చోట మజ్దా ఆరెక్స్-7 పేరెత్తి చూడండి. రెండే మాటలు వినిపిస్తాయి. "అంత అందమైన కారు జపానులో మళ్ళీ పుట్టలేదు" అన్నది మొదటిది. "దాని ఇంజనుని నమ్ముకుంటే కొంప కొల్లేరే" అన్నది రెండోది. మొదటిదాంతో నాకు పేచీ లేదు. రెండోది మాత్రం సగం నిజం. సగం నిజంతో చిక్కేంటంటే, దాన్ని నమ్మి కొననివాడు ఒక రకంగా నష్టపోతాడు, నమ్మకుండా కొన్నవాడు ఇంకో రకంగా నష్టపోతాడు. మిగిలిన సగం ఏమిటో చెప్పడానికే ఈ టపా.

నేను మాట్లాడేది 1991 చివర్లో జపానులో అమ్మకానికొచ్చి 2002 దాకా తయారైన మూడో తరం ఆరెక్స్-7 గురించి. దీన్ని ఎఫ్‌డి అంటారు. మనలో చాలామందికి తెలిసింది కూడా ఇదే. హాస్టల్లో నీడ్ ఫర్ స్పీడ్ మోస్ట్ వాంటెడ్ ఆడినవాళ్ళు దీన్ని ఒక్కసారైనా పోలీసు బండికేసి గుద్దే ఉంటారు. గేములో ఎంత గుద్దినా ఇంజను వేడెక్కదు, రబ్బరు గొట్టాలు పగలవు. అసలు కారుతో అలా కుదరదు.

దీని కథ అర్థం కావాలంటే ముందు ఇంజను సంగతి చూడాలి. మామూలు ఇంజనులో పిస్టను పైకీ కిందికీ ఆడుతుంది. ఫెలిక్స్ వాంకెల్ పేరుమీద వచ్చిన రోటరీ ఇంజనులో పిస్టన్లూ లేవు, వాల్వులూ లేవు. నడుము దగ్గర కాస్త నొక్కిన కోడిగుడ్డు ఆకారంలో ఒక గది, అందులో పొట్ట ఉబ్బిన సమోసాలాంటి మూడు మూలల రోటరు. అది తిరుగుతూనే గాలీ పెట్రోలూ పీల్చుకోవడం, నొక్కడం, మండించడం, పొగ వదలడం అన్నీ చేసేస్తుంది. చిన్నది, తేలిక, వణుకు దాదాపు ఉండదు. చిక్కంతా ఆ మూడు మూలల్లో ఉంది. ఒక్కో మూల దగ్గర ఎపెక్స్ సీలు అని సన్నటి పట్టీ ఉంటుంది. గది గోడని రాసుకుంటూ తిరిగే ఆ పట్టీయే ఒక అరలోని గ్యాసు పక్క అరలోకి పోకుండా ఆపాలి. అది అరిగినా విరిగినా ఇంజను పనైపోయినట్టే.

ఈ పట్టీల ఖర్చు మొదట కట్టింది జర్మనీలోని ఎన్‌ఎస్‌యూ కంపెనీ. 1967లో వాళ్ళు ఆర్ఓ 80 అనే రోటరీ కారు తెచ్చారు. యూరపులో 1968కి కార్ ఆఫ్ ది ఇయర్ బహుమతి కూడా దానికే వచ్చింది. ఆ తర్వాత సీళ్ళు అరగడం మొదలైంది. కంపెనీ వారంటీ కింద ఇంజన్ల మీద ఇంజన్లు మార్చి ఇచ్చింది. ఆర్ఓ 80 ఓనర్లు రోడ్డు మీద ఎదురుపడితే తమ కారుకి ఎన్నో ఇంజను నడుస్తోందో వేళ్ళెత్తి చూపించుకునేవారని ఒక జోకు. 1969 కల్లా ఎన్‌ఎస్‌యూ ఫోక్స్‌వాగన్ చేతిలోకి వెళ్ళి ఆటో యూనియన్‌తో కలిసిపోయింది. కొన్నవాళ్ళ బిల్లు కంపెనీ కట్టింది, కట్టి తను మునిగింది.

రెండోసారి కట్టింది హిరోషిమాలో ఉన్న మజ్దా ఇంజనీర్లు. అప్పట్లో కంపెనీ పేరు టోయో కోగ్యో. జపాను ప్రభుత్వం చిన్న కార్ల కంపెనీలన్నిటినీ పెద్దవాటిలో కలిపేయాలని చూస్తున్న రోజులవి. తమదంటూ ఒక ప్రత్యేకత లేకపోతే బతకలేమని అధ్యక్షుడు త్సునెజి మత్సుదా 1961లో ఎన్‌ఎస్‌యూతో లైసెన్సు ఒప్పందం చేసుకున్నాడు. పని కెనిచి యమమోటో అనే ఇంజనీరు మీద పడింది. ఆయన బృందంలో 47 మంది. యజమాని కోసం ప్రాణాలిచ్చిన 47 మంది రోనిన్ల కథ జపానులో చిన్నపిల్లలకి కూడా తెలుసు కాబట్టి, వీళ్ళకీ ఆ పేరే పడింది. సీళ్ళు గది గోడ మీద గీసే అడ్డగీతల్ని వాళ్ళు "దయ్యం గోళ్ళ గీతలు" అనేవారు. ఏళ్ళ తరబడి తిప్పలు పడి, చివరికి అల్యూమినియం, కార్బను కలిపిన సీళ్ళతో ఆ గీతల్ని వదిలించి 1967లో కాస్మో స్పోర్ట్ కారుని బయటకి తెచ్చారు. యమమోటో తర్వాత ఆ కంపెనీకే అధ్యక్షుడయ్యాడు.

1973 చమురు సంక్షోభంలో పెట్రోలు ఎక్కువ తాగే రోటరీ కార్లు ఎవరికీ అక్కర్లేకపోయాయి. సుమితోమో బ్యాంకు ఆదుకుంటే గానీ మజ్దా నిలబడలేదు. అయినా ఇంజనుని వదల్లేదు. ఇది ఇంటి కార్లకి పనికిరాదు, స్పోర్ట్సు కారుకైతే సరిపోతుంది అని తేల్చుకుని 1978లో మొదటి ఆరెక్స్-7 తెచ్చారు.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. 1991 జూన్‌లో లెమాన్ 24 గంటల రేసు గెలిచింది మజ్దా 787బి. వైడ్లర్, హెర్బర్ట్, గషో ముగ్గురూ మార్చి మార్చి నడిపి 362 ల్యాపులు తిప్పారు. ఆ రేసు గెలిచిన మొదటి జపాను కారు అదే. ఆఖరి విడత నడిపిన హెర్బర్ట్ నీరసించి పడిపోయి పోడియం కూడా ఎక్కలేకపోయాడు. మనిషి పడిపోయాడు గానీ ఇంజను పడిపోలేదు. రోటరీ అంటేనే పాడైపోయే ఇంజను అనేవాళ్ళకి ఇది గుర్తుచేయాలి. ఇంకో సంగతీ గుర్తుపెట్టుకోండి. ఆ నాలుగు రోటర్ల రేసు ఇంజనుకి టర్బో లేదు.

అదే ఏడాది చివర్లో వచ్చిన ఎఫ్‌డికి మాత్రం రెండు టర్బోలు ఉన్నాయి.

మజ్దా లెక్క తప్పుడు లెక్కేం కాదు. ఇంజను రెండు రోటర్లది, 1,308 సీసీ. మన మారుతీ స్విఫ్ట్ సైజన్న మాట. దాన్నుంచి 255 హార్సుపవరు రావాలి. రోటరీ పొగ చాలా వేడిగా, ఒక్కసారిగా తన్నినట్టు బయటికొస్తుంది, టర్బో చక్రాన్ని తిప్పడానికి అంతకంటే ఏం కావాలి. మొదట ఒక టర్బో పనిచేస్తుంది. నిమిషానికి 4,500 తిప్పుల దగ్గర రెండోది కలుస్తుంది. అంచేత కింద స్పీడులో నీరసం ఉండదు, పైన ఊపు తగ్గదు. ప్రాజెక్టు పెద్ద తకహరు కొబయకవా బృందం ప్రతి గ్రాము దగ్గరా పిసినారితనం చూపించి కారు బరువుని 1,270 కిలోల దరిదాపుల్లో ఉంచింది. నడిపిన పత్రికల వాళ్ళంతా పొగిడారు.

కానీ ఆ వేడి అంతా ఎక్కడికి పోతుంది? పొట్టి బానెట్టు కింద, రెండు టర్బోలు, వాటికి ఆనుకుని ఎర్రగా కాలే ఒక చిన్న క్యాటలిటిక్ కన్వర్టరు. టర్బోలని వంతులవారీగా నడపడానికి గాలి ఒత్తిడితో పనిచేసే కవాటాలు, సోలెనాయిడ్లు, వాటి మధ్య డజన్ల కొద్దీ సన్నటి రబ్బరు గొట్టాలు. అమెరికాలో దీనికి "ఎలకల గూడు" అని పేరు పెట్టారు. కొత్తలో అవి మెత్తగానే ఉంటాయి. పదేళ్ళు ఆ వేడిలో ఉడికాక ఎండబెట్టిన వడియాల్లా పెళుసెక్కుతాయి. ఒక్క గొట్టం జారితే రెండో టర్బో రాదు. ఏ గొట్టమో పట్టుకోవాలంటే పైనున్న సామానంతా విప్పాలి. భాగం ధర ఒక డాలరు, వెతికే కూలి వెయ్యి డాలర్లు. ప్రొడక్షనులో ఎప్పుడో ఒకసారి మాత్రమే కనబడే బగ్గు వెంట పడ్డవాళ్ళకి నేను ఇంతకంటే వివరించక్కర్లేదు. అదే వేడికి పెట్రోలు గొట్టాలు పగిలి మంటలంటుకునే ప్రమాదం ఉందని అమెరికాలో మజ్దా ఈ కార్లని రీకాల్ కూడా చేసింది.

ఇంకో ఉదాహరణ. కూలెంటులో గాలి బుడగల్ని వేరుచేసే ఒక చిన్న ప్లాస్టిక్ ట్యాంకు ఉంటుంది. వేడికి అది చీలుతుంది. నీళ్ళు పోతాయి. మీటరు ముల్లు కదిలేసరికే ఆలస్యమవుతుంది, ఎందుకంటే ఆ ముల్లు చాలాసేపు మధ్యలోనే నిలబడేట్టు తయారుచేశారు. ఒక్కసారి గట్టిగా వేడెక్కితే రోటరు గదుల మధ్య ఉండే నీటి సీళ్ళు పోతాయి, ఇంజను మొత్తం విప్పాల్సిందే. ట్యాంకు కొత్తది అల్యూమినియంతో చేసింది వేసుకోవడం ఎంత చవకో, వేసుకోకపోవడం అంత ఖరీదు.

అన్నిటికంటే పెద్ద శత్రువు డిటోనేషన్. పెట్రోలు మండాల్సిన టైముకి కాకుండా తనంతట తను పేలడం. పిస్టను ఇంజను కొన్ని దెబ్బలు తట్టుకుంటుంది. ఎఫ్‌డిలో ఎపెక్స్ సీలు మందం రెండు మిల్లీమీటర్లు. ఒక్క గట్టి దెబ్బకి విరుగుతుంది. విరిగిన ముక్క పొగ గొట్టంలోంచి వెళ్ళి టర్బో చక్రాన్ని కొడుతుంది. ఒక తప్పుకి రెండు శిక్షలు. ఇందులో తమాషా ఏంటంటే, చాలా ఇంజన్లని చంపింది కంపెనీ కాదు, ఓనర్లే. వేడి తగ్గుతుందని ఆ చిన్న కన్వర్టరు తీసేసి, చప్పుడు బాగుంటుందని వెనక పొగ గొట్టం కూడా మార్చేవారు. పొగకి అడ్డం తగ్గేసరికి టర్బో అదుపు తప్పి మామూలు పది పౌండ్ల ఒత్తిడిని దాటిపోతుంది. దానికి సరిపడా పెట్రోలు పోయమని కంప్యూటరుకి ఎవరూ చెప్పలేదు. ఫలితం తెలిసిందే. ఒక కాన్ఫిగరేషన్ మార్చి, దాన్ని నమ్ముకున్న మిగతా వాటిని వదిలేస్తే ఏమవుతుందో మనకి కొత్తేం కాదు.

"అయితే టర్బోదే తప్పన్న మాట" అని మీరనొచ్చు. కాదు. 1993లో వచ్చిన టయోటా సుప్రా చూడండి. దానికీ రెండు టర్బోలే, అవీ వంతులవారీగా పనిచేసేవే, దానికీ రబ్బరు గొట్టాలే. కానీ సుప్రా ఇంజను మూడు లీటర్లది, పోత ఇనుప బ్లాకు. కారు ఎఫ్‌డి కంటే రెండు వందల కిలోల పైన ఎక్కువ బరువు. టయోటా ఆ బరువుతో కొనుక్కున్నది వెసులుబాటు. పది మంది కూర్చునే లిఫ్టుని ఇరవై మందికి సరిపోయేట్టు కట్టడం లాంటిది. మజ్దా అదే డబ్బుతో తేలికదనం కొనుక్కుంది. మలుపుల్లో ఎఫ్‌డి అంత హాయిగా తిరగడానికి కారణం ఏదో, దాని ఇంజను ఏ పొరపాటునీ క్షమించకపోవడానికి కారణం కూడా అదే. వెసులుబాటు లేని చోట దాని పని మనిషి చెయ్యాలి.

మనిషి చెయ్యాల్సిన పని చిన్నదేం కాదు. బజాజ్ చేతక్ ఉన్న ఇంట్లో పెరిగినవాళ్ళకి బంకులో టూటీ ఆయిలు కలిపించడం గుర్తుంటుంది. రోటరీ కూడా సీళ్ళ తడి కోసం కాస్త ఆయిలుని తనే మండించుకుంటుంది. అది రోగం కాదు, డిజైను. కాబట్టి రెండుసార్లు పెట్రోలు పోయిస్తే ఒకసారి ఆయిలు చూడాలి. మూడు వేల మైళ్ళకోసారి ఆయిలు మార్చాలి. గట్టిగా నడిపాక టర్బో బేరింగుల్లో ఆయిలు మాడిపోకుండా ఒక నిమిషం ఊరికే తిరగనివ్వాలి. చన్నీళ్ళ ఇంజనుని తొక్కకూడదు. ఇవన్నీ చేసిన కార్లు లక్ష మైళ్ళ దగ్గరికి వెళ్ళినవి ఉన్నాయి. చెయ్యనివి అందులో సగానికే ఇంజను దింపించుకున్నాయి.

ఓనరుని యంత్రంలో ఒక భాగం చేస్తే ఏమవుతుందో అమెరికా వాళ్ళకి 1962లోనే తెలిసింది. ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ అనే టర్బో కారులో డిటోనేషన్ రాకుండా నీళ్ళూ మిథనాలూ కలిపిన ద్రవాన్ని ఓనరు ప్రత్యేకంగా పోసుకోవాలి. జనం పొయ్యలేదు. రెండేళ్ళకే ఆ కారు ఆగిపోయింది, చాలా కార్లకి కంపెనీయే టర్బో పీకేసి మామూలు కార్బురేటరు పెట్టి ఇచ్చింది. ముప్ఫై ఏళ్ళ తర్వాత ఎఫ్‌డి ఓనర్లకీ ఇంచుమించు అదే పరీక్ష వచ్చింది.

మొదటి ఓనర్లు పెద్దగా ఏమీ కట్టలేదు. 1993లో అమెరికాలో 32 వేల డాలర్ల పైన పోసి కొన్నవాడికి వారంటీ ఉంది. యెన్ విలువ పెరిగి ధర ఎగబాకడంతో 1995 తర్వాత అమెరికాలో అమ్మకం ఆపేశారు. జపానులో మాత్రం కారు బాగుపడుతూ పోయింది. 1996లో గొట్టాల చిక్కు తగ్గించారు, కంప్యూటరు మార్చారు, 1999లో చల్లబరిచే ఏర్పాట్లు పెంచి 280 హార్సుపవరుకి తీసుకెళ్ళారు. బగ్గులు సరిచేసిన వెర్షన్లన్నీ అమెరికా ఓనరుకి అందని చోట విడుదలయ్యాయి. 2000 తర్వాత ధర బాగా పడిపోయి, 2001లో ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్ సినిమా వచ్చేసరికి కుర్రాళ్ళ చేతికి అందింది. వారంటీ లేదు, గొట్టాలు ఎండిపోయాయి, జేబులో కారు కొనే డబ్బుంది గానీ బాగుచేయించే డబ్బు లేదు. ఎఫ్‌డి చెడ్డపేరులో ఎక్కువ భాగం ఈ రెండో, మూడో ఓనర్ల కన్నీళ్ళలోంచి వచ్చిందే. విసిగిపోయి రోటరీని పీకేసి జనరల్ మోటార్స్ వీ8 పెట్టించుకున్నవాళ్ళూ బోలెడుమంది.

మజ్దాకి ఇది తెలియక కాదు. 2003లో వచ్చిన ఆరెక్స్-8కి టర్బో పెట్టలేదు. దాని ఇంజన్లలోనూ తేడాలొస్తే 2004 నుంచి 2008 దాకా అమ్మిన కార్లకి అమెరికాలో ఇంజను వారంటీని ఎనిమిదేళ్ళు లేదా లక్ష మైళ్ళకి పెంచింది. అంటే ఆ బిల్లు మళ్ళీ కంపెనీ కట్టింది. 2023లో ఎంఎక్స్-30లో రోటరీ తిరిగొచ్చింది గానీ చక్రాలు తిప్పడానికి కాదు, బ్యాటరీకి కరెంటు ఇవ్వడానికి.

ఇప్పుడు ఖర్చు సంగతి. మన దేశంలో ఈ బాధ లేదు, మూడేళ్ళు దాటిన వాడిన కారుని మామూలుగా దిగుమతి చేసుకోనివ్వరు. జపానులోనైతే పన్ను వేసేటప్పుడు రోటరీ సీసీని ఒకటిన్నర రెట్లు చేసి లెక్కగడతారు, కారుకి పదమూడేళ్ళు దాటితే పైన ఇంకో 15 శాతం దాకా వడ్డిస్తారు. అమెరికాలో బాగున్న ఎఫ్‌డి ధర 40 వేల డాలర్లు దాటి చాలా కాలమైంది. పేరున్న రోటరీ షాపులో ఇంజను విప్పి, అరిగిన గదులు మార్చి బిగిస్తే బిల్లు అయిదంకెల దగ్గరికొస్తుంది. టర్బోలు కూడా పోతే ఇంకా పైన. 2020 చివర్లో మజ్దా కొన్ని పాత భాగాలు మళ్ళీ తయారుచేస్తామని ప్రకటించింది, అది నిజంగా మంచి వార్త. అయితే భాగాలు దొరకడం వేరు, ఆ ఇంజను తెలిసిన చెయ్యి మీ ఊళ్ళో దొరకడం వేరు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మా టీములో నాకంటే మూడేళ్ళు చిన్నవాడు, గుంటూరు కుర్రాడు, ఈ మధ్య ఒక 1993 ఎఫ్‌డి మీద మనసు పడ్డాడు. హెచ్1 మీద ఉన్నాడు. అమెరికాలో దిగిన ప్రతి తెలుగువాడిలాగే ముందు కేమ్రీ కొన్నాడు, మూడేళ్ళు కూడబెట్టాడు. "అన్నా, బయట రేటు కంటే పదిహేను వేలు తక్కువకే ఇస్తున్నాడన్నా" అన్నాడు. తక్కువ కాదురా, ఆ పదిహేను వేలు వాడు కట్టకుండా మిగిల్చిన బిల్లు అన్నాను. ఇన్నేళ్ళ చరిత్రలో నాకు అర్థమైంది ఇదే. ఈ కారుకి ఒక ఖర్చుంది, అది ఎప్పుడూ మాయం కాలేదు, చేతులు మారిందంతే. ఎన్‌ఎస్‌యూ కట్టింది, హిరోషిమా ఇంజనీర్లు కట్టారు, మూడో ఓనర్లు కట్టారు. ఇప్పుడు వంతు ఎవరిదో తెలుసుకోకుండా సంతకం పెట్టకూడదు.

తెలుసుకోవడం కష్టం కూడా కాదు. రోటరు మూడు ముఖాలకీ విడివిడిగా అంకె చూపించే కంప్రెషన్ మీటరుతో పరీక్ష చేయించాలి. మామూలు మీటరు మూడింట్లో పెద్ద అంకె ఒక్కటే చూపించి అబద్ధమాడుతుంది. నడిపి చూసేటప్పుడు టర్బో ఒత్తిడి పది, ఎనిమిది, మళ్ళీ పది అన్న వరసలో రావాలి. వేడి మీద ఆపి వెంటనే స్టార్టు చేస్తే పట్టాలి. గొట్టాలు ఎప్పుడు మార్చారో, ఇంజను ఎవరు విప్పారో కాగితాలుండాలి. అన్నీ ఉన్న కారు ఖరీదుగానే ఉంటుంది. నా ఉద్దేశంలో చవకైనది కూడా అదే.

వాడితో ఇంకో మాట కూడా అన్నాను. ఉద్యోగం పోతే మనకి మహా అయితే 60 రోజులు. కేమ్రీని ఒక వారాంతంలో అమ్మెయ్యొచ్చు. ఇంజను విప్పి షాపులో పడున్న ఎఫ్‌డిని అరవై రోజుల్లో ఎవడు కొంటాడు? ఈ కారు ఓపిగ్గా ఒకచోట కుదురుకున్నవాడిది. వాడు కాసేపు మాట్లాడలేదు. పాపం, వాడికి కారు గురించి కాక వేరే దేని గురించో చెప్పినట్టనిపించింది.

మర్నాడు అమ్మేవాడిని కంప్రెషన్ పరీక్ష అడిగాడట. "కారు చక్కగా నడుస్తోందిగా, అదెందుకు" అన్నాడట అవతలివాడు. ఆ పరీక్షకి గంట పని. వద్దన్నాడంటే ఎందుకో వాడికే తెలియాలి. మావాడు ఇప్పటికి కేమ్రీలోనే ఆఫీసుకొస్తున్నాడు. వెతకడం మాత్రం మానలేదు, కాకపోతే ఇప్పుడు ఫోటోల కంటే ముందు కాగితాలు అడుగుతున్నాడు.